చక్రానికి పట్టిన నల్ల ఇసుక

ఎలీషాతో మాట్లాడి సంతోషంగా తిరిగివచ్చిన మనిషి దిబ్బలపేటలో ఒక్కడూ లేడు. అయినా ఊళ్లో ఉన్న నలభై రెండు బోట్ల ఇంజన్లూ ఆయన చేతిమీదుగానే నడిచేవి. ఇంజన్ మొరాయిస్తే ఇద్దరు మనుషులు కర్రకి కట్టి భుజాలమీద మోసుకొచ్చి, రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు ముందు దించేవారు. ఆయన లోపలినుంచే చూసి, అక్కడ కాదు, సిమెంటు మీద పెట్టండి అనేవాడు. అంతే. కూర్చోమనడం, ఏమైందని అడగడం ఉండేవి కాదు. వచ్చినవాళ్లే చెప్పబోతే, "ఇంజను సెప్తాది, నువ్వుండు" అని ఆపేసేవాడు.

ఆయన ఈ ఊరివాడు కాదు. బొబ్బిలిలో బాప్టిస్టు చర్చి వెనక వీధిలో పుట్టాడు. పదో తరగతి రెండుసార్లు తప్పి, విశాఖపట్నం రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే షాపులో చేరాడు. పన్నెండేళ్లు అక్కడ పనిచేసి, ఒకరోజు షాపు యజమాని అందరి ముందూ తనని తప్పుపట్టాడని రెంచి బల్లమీద పెట్టి బయటికి వచ్చేశాడు. తప్పు యజమానిదేనట. ఆ సంగతి ఎలీషా ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతాడు. ఆ రోజుల్లో ఇంజన్ బాగుచేయించుకోవడానికి విశాఖపట్నం వెళ్లిన నూకయ్య ఆయన్ని చూసి, మా ఊళ్లో మెకానిక్కు లేడు రమ్మని వెంటబెట్టుకొచ్చాడు. నూకయ్యకి అప్పటికే రెండు బోట్లు. కులపెద్దలతో మాట్లాడి, ఊరి ఉమ్మడి స్థలంలో షెడ్డు వేసుకోనిచ్చిందీ ఆయనే. షెడ్డు వెనకే రెండు గదుల ఇల్లు లేచింది. ఇది పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పట్లో వాళ్లిద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవారు.

ఎలీషా భార్య రూబీ ఇంట్లో మిషన్ కుడుతుంది. భర్త మాట్లాడని మాటలన్నీ ఆమె మాట్లాడుతుంది. ఆయన కసిరి పంపినవాళ్లని గుమ్మం దగ్గర ఆపి, మంచినీళ్లు ఇచ్చి, ఆయన తీరే అంత, మనసులో పెట్టుకోకండి అని పంపేది. కొందరు మనసులో పెట్టుకునేవారు కాదు. చాలామంది పెట్టుకునేవారు.

షెడ్డులో ఎలీషాకి ఒక పిచ్చి ఉండేది. మధ్యలో పోయించుకున్న సిమెంటు చప్టాని రోజుకి మూడుసార్లు తడిగుడ్డతో తుడిచేవాడు. దానిమీదికి ఎవరైనా ఇసుక కాళ్లతో వస్తే అరిచేవాడు. ఊరంతా ఇసుకలో బతుకుతూ ఉంటే ఈయనకి ఇసుకంటే అంత రోత ఏమిటని నవ్వుకునేవారు. కిరస్తానపాయన, మడి కట్టుకున్నాడని ఒక జోకు కూడా ఉండేది.

ఆ పిచ్చికి కారణం ఉంది. దిబ్బలపేట తీరంలో ఇసుక తెల్లగా ఉండదు. సముద్రం పోటెత్తి తగ్గాక ఒడ్డు పొడవునా నల్లటి చారలు తేలతాయి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ఆ చారల్లో ఈడిస్తే గుప్పెడు నల్ల ఇసుక దానికి గడ్డంలాగా పట్టేస్తుంది. ఆ ఊరి పిల్లలందరూ ఆడిన ఆటే అది. ఎలీషా బాగుచేసే ఇంజన్ల తలకాయలో ఒక చక్రం ఉంటుంది. తాడు చుట్టి లాగేది ఆ చక్రాన్నే. దాని లోపలి అంచున అయస్కాంతపు ముక్కలు అతికించి ఉంటాయి. చక్రం కింద కదలకుండా కొన్ని ఇనుప దిమ్మలు బిగించి ఉంటాయి. పల్చటి రేకులు పేర్చి చేసిన ఆ దిమ్మలకి రాగితీగ చుట్టి ఉంటుంది. చక్రం తిరుగుతుంటే అయస్కాంతాలు ఇనుము పక్కనుంచి దాటుకుంటూ పోతాయి. ఆ దాటడంలోనే తీగలో కరెంటు పుట్టి, ఇంజన్‌లో నిప్పు రాజుకుంటుంది. తిరిగేదానికీ నిలిచి ఉన్నదానికీ మధ్య సందు పోస్టుకార్డు మందం. ఆ సందులోకి నల్ల ఇసుక చేరితే ఊడ్చినా పోదు, కడిగినా పోదు. అయస్కాంతం వదలదు. ఎలీషా రూబీ దగ్గర చపాతీ పిండి ముద్ద అడిగి తీసుకుని, అయస్కాంతాల మీద ఒత్తి ఒత్తి ఎత్తేవాడు. ఇసుక ముద్దకి అంటుకుని వచ్చేసేది.

ఇదంతా ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎక్కే బుర్రలా ఇవి అని ఆయన నమ్మకం.

కిందటి ఆగస్టులో నూకయ్య బోటు ఇంజన్ షెడ్డుకి వచ్చింది. నూకయ్యకి అరవై దాటడంతో ఆ బోటుని ఆయన అల్లుడు గంగులు నడుపుతున్నాడు. గంగులుది పూండి దగ్గర ఊరు. పెళ్లయ్యాక మావగారి ఇంట్లోనే ఉండిపోయాడు. ఊళ్లో ఇల్లరికపు అల్లుడికి ఉండే మర్యాద ఎంతో అతనికీ అంతే. ఇంజన్ ఎన్ని లాగులు లాగినా అంటుకోవడం లేదని అతను చెప్పబోతే ఎలీషా వినలేదు. విప్పి చూశాడు. చక్రంలో అయస్కాంతాలు ముసలివై, రెండు చోట్ల పగిలి, పట్టు చచ్చిపోయి ఉన్నాయి. మూలన పడి ఉన్న ఒక పాత ఇంజన్‌లోంచి మంచి చక్రం తీసి దీనికి బిగించాడు. ఒక్క లాగుకే అంటుకుంది. తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున గంగులు బోటు దగ్గర ఇంజన్ బిగించుకుని, స్టార్టు చేసే ముందు అలవాటుగా తాడుని మెల్లగా లాగి చూశాడు. ఎప్పుడూ మెత్తగా వచ్చే తాడు ఈసారి రాలేదు. కొంచెం వచ్చి ఆగింది. గట్టిగా లాగితే వదిలింది. మళ్లీ ఆగింది. వలలు లాగే గిలకని వేలితో తోస్తే ఎంతసేపు తిరిగితే అంత మంచిదని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నవాళ్లు వాళ్లు. తిరిగేది ఏదైనా సాఫీగా తిరగాలి, ఆగుతోందంటే లోపల ఏదో అడ్డం పడింది. గంగులు అలాగే అనుకున్నాడు. దిబ్బలపేటలో ఎవరైనా అలాగే అనుకుంటారు. అతను షెడ్డుకి వచ్చేసరికి ఎలీషా భోజనం చేస్తున్నాడు.

"మేస్త్రీ, తాడు పట్టేస్తన్నాది. లోపల ఏదో అడ్డం తగులుతన్నాది."

ఎలీషా తల ఎత్తలేదు. "అడ్డం నీ బుర్రలో ఉన్నాది. గట్టిగా లాగు, తిరుగుతాది."

"ఇదివరకు ఇలగ నేదు కదా."

"ఇదివరకున్నది సచ్చిన సక్రం. ఎల్లు, నన్ను తిననీ."

గుమ్మంలో రూబీ నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. గంగులు చెంబు అందుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ ఇంజన్‌తో రెండు వేటలు బాగానే జరిగాయి. మూడో వేటలో తీరానికి చాలా దూరాన అది ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ అంటుకోలేదు. గంగులు, అతనితో ఉన్న నరేష్ అరచేతులు బొబ్బలెక్కేదాకా తాడు లాగారు. బోటు ఉత్తరానికి కొట్టుకుపోయింది. వలలు బరువై అలలకి బోటు పక్కకి ఒరుగుతుంటే కోసి వదిలేశారు. ఒకటిన్నర రోజు తరవాత ఒడిశావైపు బోటు ఒకటి చూసి తాడు కట్టి లాక్కొచ్చి ఒడ్డున పడేసింది. ఈలోగా నూకయ్య కూతురు రెండు పూటలు సముద్రం దగ్గర కూర్చుని లేవలేదు. మనుషులు ప్రాణాలతో వచ్చారు. వలలు పోయాయి.

అల్లుణ్ని చూసిన గంటకల్లా నూకయ్య షెడ్డు దగ్గరికి వచ్చాడు. చప్టామీద ఉన్న పనిముట్ల పెట్టెని కాలితో తన్నాడు. రెంచీలు రోడ్డుదాకా దొర్లాయి. ఎలీషా వాటిని ఒక్కొక్కటీ ఏరుకుంటూ, ఇసకకాళ్లతో లోపలికొచ్చావు, ముందు దిగు అన్నాడు. ఆ మాటకి నూకయ్య చెయ్యి చేసుకునేవాడే. రూబీ అడ్డం వచ్చింది. పక్కవాళ్లు పట్టుకుని తీసుకెళ్లారు.

పెద్దలు ఆదివారం పొద్దున పిలిచారు. చర్చిలో ప్రార్థన జరిగే వేళకే పెట్టారు. ఆ సంగతి వాళ్లకి తెలియక కాదు. దిబ్బలపేట పెద్దలు ఒక మనిషికి ఇసకలో పని లేదని, అంటే ఊళ్లో చోటు లేదని, తీర్పిస్తే ఇక ఎవరూ అతని దగ్గరికి ఇంజన్ తీసుకురారు. షెడ్డు ఉమ్మడి స్థలంలో ఉంది కాబట్టి అదీ పోతుంది, వెనక ఇల్లూ పోతుంది. ఎలీషాకి యాభై రెండేళ్లు. రెంచి తప్ప మరొకటి పట్టి ఎరగడు. రూబీ ముందురోజు సాయంత్రమంతా, వెళ్లి నూకయ్యన్నతో ఒక్క మంచిమాట మాట్లాడి రమ్మని బతిమాలింది. తప్పు లేనప్పుడు మంచిమాటెందుకు అన్నాడు. నీకు తప్పున్నా లేకపోయినా మంచిమాట రాదు అందామె.

తుఫాను షెల్టర్ వరండాలో జనం చేరారు. ఎలీషా ప్రార్థనకి వేసుకునే తెల్ల చొక్కాతోనే వచ్చాడు. చేతిలో పనిముట్ల సంచీ, చంకలో చుట్టచుట్టిన పాత చీర. రూబీ వెనక కొంచెం దూరంగా నడిచి వచ్చింది. ఆమె చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది. దారి పొడవునా ఎవరూ వాళ్లని పలకరించలేదు.

పెద్దలందరిలోకీ పెద్ద ధనరాజు. డెబ్భై ఐదేళ్లవాడు. ఒక కన్ను పొర కమ్మింది. ఉన్న రెండో కంటితో అందరికంటే ఎక్కువే చూస్తాడని పేరు. ఇంజన్‌ని వరండా మధ్యలో చెక్క స్టాండుకి తగిలించి ఉంచారు. నూకయ్య దాని పక్కనే నిలబడి ఉన్నాడు. గంగులు జనంలో వెనగ్గా, ఒక స్తంభం చాటున.

నూకయ్య ఎక్కువ మాట్లాడలేదు. "పద్దెనిమిదేళ్ల కిందట ఈణ్ని నానే తెచ్చినాను. తప్పు నాదే. నా నోటితోనే సెప్తన్నాను, పంపించీండి."

ధనరాజు ఎలీషావైపు చూశాడు. ఎలీషా చీర నేలమీద పరుస్తున్నాడు. "ముందు ఇంజను ఇప్పండి. తరవాత నన్ను పంపండి."

"ఇప్పక ముందే తెలిసింది కదేటి, అది పట్టేస్తన్నాదని" అన్నాడు నూకయ్య. "ఈడు ముట్టుకున్న రోజునుంచీ పట్టేస్తన్నాది. నా అల్లుడొచ్చి సెప్తే తరిమేసినాడు."

ధనరాజు లేచి వచ్చి తనే తాడు పట్టుకున్నాడు. మెల్లగా లాగాడు. ఆగింది. అరచెయ్యి అడ్డంపెట్టి ఎవరో ఆపినట్టు ఆగింది. కొంచెం బిగించి లాగితే వదిలి, మళ్లీ ఆగింది. ముసలాయన తల ఊపాడు. జనంలో గొణుగుడు మొదలైంది.

"సూసారా" అన్నాడు నూకయ్య. "బోల్టేదో లోపల ఒగ్గేసినాడు. అదే ఆపీసింది ఇంజన్ని."

ఎలీషా నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు. నవ్వినప్పుడు ఎదుటివాళ్లకి ఒళ్లు మండుతుంది. మాట్లాడకుండా ఇంజన్‌కి ఉన్న రెండు ప్లగ్గులూ విప్పి చీరమీద పెట్టాడు. లోపల గాలి బిగుతుకి ఆగుతోందంటారేమో, ఇప్పుడు గాలి బయటికి పోతుంది, చేత్తో తిప్పండి అన్నాడు. ధనరాజు చక్రాన్ని చేత్తో తిప్పాడు. బిగువు తగ్గింది కానీ ఆగడం మానలేదు.

"ఎన్నిసోట్ల ఆగతన్నాదో లెక్కెట్టండి" అన్నాడు ఎలీషా.

ధనరాజు లెక్కపెట్టాడు. ఒక చుట్టులో ఆరు చోట్ల ఆగింది. రెండోసారి తిప్పితే మళ్లీ అవే ఆరు చోట్లు. మూడోసారి జనంలోంచి కూడా కొందరు పైకే లెక్కపెట్టారు.

"ఆరు బోల్టులు, కొలిసినట్టు సమానం దూరంలో, ఒగ్గేస్తానా నేను?"

"ఒగ్గే రకవే నువ్వు" అన్నాడు నూకయ్య. జనం నవ్వారు. ఆ నవ్వు ఎలీషా మీదే. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. తెల్ల చొక్కాకి అప్పటికే నూనె మరక అంటింది.

ఆ నవ్వుల్లోనే స్తంభం వెనకనుంచి గంగులు గొంతు వినిపించింది. "బోల్టూ గీల్టూ ఏటీ నేదు మావా. నాను సూసినాను కదా."

చెప్పాలని చెప్పిన మాట కాదది. లేని బోల్టు గురించి అందరూ వాదించుకుంటుంటే ఉండబట్టలేక, నిజం తెలిసినవాడు గనక నోరు జారాడు. నవ్వు ఆగిపోయింది. తల తిప్పి అందరూ అతనివైపు చూశారు. నూకయ్య కూడా చూశాడు.

"ఎక్కడ సూసినావు?" అని అడిగాడు ధనరాజు.

గంగులు నేలవైపు చూస్తూ చెప్పాడు. రెండో వేట అయ్యాక కూడా తాడు పట్టేస్తుంటే మనసు ఊరుకోలేదు. పక్క ఊళ్లో తెలిసినవాడి దగ్గర చక్రాన్ని పైకి లాగే పుల్లర్ అడిగి తెచ్చి, ఒడ్డున బోటు పక్కనే చక్రం ఊడదీశాడు. లోపల ఏమీ కనపడలేదు. లుంగీతో తుడిచి మళ్లీ బిగించాడు. మావకి చెబితే ఇంజన్ ముట్టుకున్నావని తిడతాడని చెప్పలేదు.

ఊడదీసిన చక్రం ఎక్కడ పెట్టావని ఎలీషా అడిగాడు. ఇసకలో, అన్నాడు గంగులు. బోర్లానా, వెల్లకిలానా? బోర్లా.

ఎలీషా ఇక ఎవరి అనుమతీ అడగలేదు. నట్టు విప్పి, పుల్లర్ బిగించి, చక్రాన్ని పైకి లేపాడు. ఊడి వచ్చే చివరి క్షణంలో అది కింది ఇనుముని వదలనని ఒక పక్కకి గుంజింది. రెండు చేతులతో పట్టి తీసి, లోపలివైపు అందరికీ కనపడేలా ఎత్తిపట్టుకున్నాడు. అంచు చుట్టూ అయస్కాంతాల మీద నల్లటి ఇసుక ఈతముల్లులా నిలబడి ఉంది, నూనెలో నాని గట్టిపడి. కింద ఇనుప దిమ్మల ముఖాలు గీకి గీకి వెండిలా మెరుస్తున్నాయి. ఒక దిమ్మ పక్కన రాగితీగకి పూత అరిగిపోయి, తీగ ఇనుముకి తగులుతోంది. తగిలిన చోట మాడిపోయింది.

రూబీ వచ్చి గిన్నె మూత తీసింది. ఎలీషా పిండిముద్ద తీసుకుని అయస్కాంతాల మీద ఒత్తి ఎత్తాడు. ముద్ద నల్లబడింది. దాన్ని కిరసనాయిలులో కడిగి, అడుగుకి దిగిన ఇసుకని పాత క్యాలెండరు కాగితం మీద పరిచాడు. కాగితం కిందనుంచి చక్రం అంచుని నడిపిస్తే పైన ఇసుక లేచి నిలబడి వెంట నడిచింది. ముందువరసలో ఉన్నవాళ్లు ఒంగి చూశారు. చిన్నప్పుడు అందరూ ఆడిన ఆటే. ఇంజన్‌లో కూడా అదే జరుగుతుందని ఎవరికీ తట్టలేదు.

చక్రం ఆగేది లోపల అడ్డం పడి కాదు, అయస్కాంతం ఇనుముని పట్టుకోవడం వల్ల అన్నాడు ఎలీషా. పాత చక్రంలో అయస్కాంతం చచ్చింది కాబట్టి మెత్తగా తిరిగేది, అందుకే నిప్పు పుట్టేది కాదు. కొత్తది పట్టేస్తోందంటే బాగున్నట్టు. పట్టే చక్రాన్ని తీసుకెళ్లి ఈ ఇసుకలో బోర్లించారు. ఒక్క వేట ముగియకముందే ఇసుక తీగని తినేసింది. చెప్పడం ముగించి ఆయన నూకయ్యవైపు తిరిగాడు.

"నీ బోటుని నీ అల్లుడే ముంచినాడు. నన్ను పంపి ఇంజన్లు ఈడి సేత బాగుసేయించుకోండి అందరూ."

అక్కడితో ఆగి ఉంటే ఆయన గెలిచేవాడే. ఆ చివరిమాటకి ఊరు మళ్లీ ఆయనకి ఎదురు తిరిగింది. గంగులు స్తంభం చాటునుంచి ముందుకి వచ్చాడు.

"నాను అడిగినాను. అడ్డం నీ బుర్రలో ఉన్నాదన్నాడు. నా బుర్రలో నేదని సూసుకుందావనే ఇప్పినాను."

ధనరాజు తన ఒంటికన్నుని ఎలీషా మీద నిలిపాడు. "ఇసక ఇలగ సేస్తాదని నీకు ఎన్నాళ్లనుంచి తెలుసు?"

"వొచ్చిన కాడినుంచీ."

"ఎవరికి సెప్పినావు?"

"అడిగినోడేడీ."

"ఈడు అడిగినాడు కదా."

రూబీ గిన్నె మూత పెడుతూ, ఎవరూ అడగకుండానే అంది. "నాకూ సెప్పలేదు బాబూ. పద్దెనిమిదేళ్లు పిండి పిసికి ఇచ్చాను. ఎందుకని అడిగితే, ఇంజను తింటాది అన్నాడు. ఇదిగో, ఇయాళ మీతోబాటే తెలిసింది."

ఎవరో గట్టిగా నవ్వారు. ఎలీషా భార్యవైపు చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో ఆగింది. ఆమె మాత్రం చూపు తిప్పుకోలేదు.

పెద్దలు షెల్టర్ లోపలికి వెళ్లి అరగంట మాట్లాడుకున్నారు. బయట ఎండలో ఎలీషా ఒక చివర, నూకయ్య ఒక చివర నిలబడ్డారు. గంగులు మావ పక్కకి వెళ్లబోతే నూకయ్య జరిగి నిలబడ్డాడు. పోయిన వలల మాట ఇంట్లో తేల్చుకుంటాడని ఆయన మొహంలోనే తెలుస్తోంది.

ధనరాజు బయటికి వచ్చి తీర్పు చెప్పాడు. షెడ్డు ఉంటుంది. ఎలీషా ఉంటాడు. కానీ ఇకమీదట ఎవరి ఇంజన్ విప్పితే వాళ్లు పక్కన కూర్చుంటారు. ఏది ఎందుకు విప్పుతున్నాడో, ఏది ఎందుకు చెడిందో ఎలీషా పైకి చెబుతూ పని చెయ్యాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి. తిట్టకూడదు, బుర్రల ఊసు ఎత్తకూడదు. జవాబు చెప్పకుండా ఎవరినైనా పంపాడని ఒక్కరు వచ్చి చెప్పినా ఆ రోజే షెడ్డు రేకులు దించేస్తారు. గంగులు ఇంజన్ మీద చెయ్యి వెయ్యాలంటే ముందు ఎలీషా దగ్గర అడిగి తెలుసుకోవాలి.

"పనిలో తప్పేటీ నేదని తేలింది కదా. మరి శిక్షెందుకు?" అన్నాడు ఎలీషా.

"పనికి కాదు, నీ నోటికి" అన్నాడు ధనరాజు.

ఎలీషా చీర మడిచాడు, పనిముట్లు సర్దుకున్నాడు. షెడ్డు, ఇల్లు, యాభై రెండేళ్లు. ఒప్పుకోక చేసేది ఏముంది. దారిలో రూబీ ముందు నడిచింది, ఆయన వెనక.

సోమవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి నూకయ్య వచ్చి ఉన్నాడు. ఆయన ఇంజనే మొదటిది. రోడ్డు మీదే కాళ్లు దులుపుకుని లోపలికి వచ్చి, మూలన ఉన్న ప్లాస్టిక్ చేపల ట్రే బోర్లించి దానిమీద కూర్చున్నాడు. మోకాళ్లమీద చేతులు పెట్టుకుని ఎలీషా మొహంలోకే చూస్తూ ఉన్నాడు. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

ఎలీషా పని మొదలుపెట్టాడు. గోడకి చెబుతున్నట్టు, ఒక్కో మాటా పళ్లమధ్యనుంచి తీసి బయటపెట్టాడు. ఇది నట్టు. కుడికి తిప్పితే బిగుస్తాది. ఇది కాయిల్, రాగితీగ చుట్ట. మాడిపోయింది, మార్చాలి. ఇది ఇనుము, రేకులు పేర్చి చేసింది, ఒకే ముద్ద అయితే వేడెక్కిపోతాది. నూకయ్య ప్రతిదానికీ తల ఊపలేదు, ఊపకుండానూ లేడు. మధ్యాహ్నమయ్యింది. రూబీ ఇద్దరికీ టీ తెచ్చింది. నూకయ్య తాగలేదు. గ్లాసు మీద ఈగ వాలింది.

చక్రం తిరిగి బిగించే వేళకి నూకయ్య మొదటిసారి నోరు విప్పాడు.

"ఇన్నిసార్లు పట్టేస్తే ఇంజన్‌కి బలం తగ్గదేటి? కిరసనాయిలు ఎక్కువ తాగదా?"

మంచి ప్రశ్న. విశాఖపట్నంలో పన్నెండేళ్లలో ఒక్క కుర్రాడూ అడగని ప్రశ్న. ఎలీషా నోటిదాకా వచ్చినది మాత్రం వేరే మాట. ఇంట్లో మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఆయన ఆ చప్పుడు ఆగడం విని, నోటిదాకా వచ్చినదాన్ని మింగాడు.

"ఇనుము దగ్గరికి పోయేటప్పుడు అయస్కాంతం తనే ముందుకి లాగతాది. దాటిపోయేటప్పుడు ఎనక్కి పట్టుకుంటాది. లాగినదీ పట్టుకున్నదీ ఇంచుమించు సరి. నువ్వు మెల్లగా తిప్పితే పట్టుకున్నదే తెలుస్తాది నీకు. జోరుగా తిరిగితే రెండూ తెలవవు. కిరసనాయిలుకి ఏటీ తేడా నేదు."

నూకయ్య నమ్మలేదు. లేచి వచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు. మెల్లగా తిప్పాడు. ఆగే చోటు వచ్చింది. దానికంటే కొంచెం ముందు చేతిని వదులు చేశాడు. చక్రం తనంతట తనే ముందుకి పోయి, ఆగే చోట కూర్చుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ పోయింది. పావుగంటసేపు అలా తిప్పుతూనే ఉన్నాడు. కళ్లు మూసుకుని, చేత్తోనే చూస్తున్నట్టు.

"లాగతన్నాది" అన్నాడు. ఎలీషాతో కాదు.

తరవాత కళ్లు తెరిచి ఎలీషాతోనే అన్నాడు. "ఈ ముక్క ఆ రోజు నా అల్లుడికి సెప్పుంటే నా కూతురు రెండు పూటలు ఒడ్డున కూకునీది కాదు."

దీనికి జవాబు చెప్పాలో అక్కర్లేదో తీర్పులో లేదు. ఎలీషా ప్లగ్గులు బిగించాడు.

ఇంజన్ ఒక్క లాగుకి అంటుకుంది. ఆపేశాక నూకయ్య రోడ్డువైపు కేకేశాడు. గంగులు, నరేష్ కర్ర పట్టుకుని పొద్దుటినుంచీ రోడ్డుమీదే నిలబడి ఉన్నారు. లోపలికి రావద్దని గంగులుకి మావ ఆజ్ఞ. ఇప్పుడు వచ్చారు. ఇంజన్‌కి తాడు కట్టి కర్రకి వేలాడదీసి భుజాలకి ఎత్తుకున్నారు. నూకయ్య ముందు నడిచాడు, వెనక్కి చూడలేదు.

వాళ్లు గుమ్మం దాటుతుంటే ఎలీషా వెనకనుంచి అన్నాడు. "ఇప్పినా ఇప్పకపోయినా ఇసకలో మాత్రం దించకండి."

గంగులు ఆగాడు. నిన్న వరండాలో కళ్లారా చూసినవాడు, కారణం ఊరందరికంటే బాగా తెలిసినవాడు. కర్రని భుజంమీదే ఉంచుకుని వెనక్కి తిరిగాడు.

"ఎందుకని మేస్త్రీ?"

ముందు వెళుతున్న నూకయ్య ఆగిపోయాడు. ఎదురింటి అరుగుమీద వల అల్లుతున్న ఇద్దరు ముసలివాళ్లు చేతులు ఆపారు. ఎలీషా ఒకసారి రోడ్డువైపు చూశాడు, ఒకసారి రేకుల కప్పువైపు చూశాడు. రెంచి కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. మొదటినుంచీ చెప్పాడు. చక్రంలో అయస్కాంతాలు ఉన్నాయి, మన ఇసుకలో ఇనుము ఉంది, సందు పోస్టుకార్డు మందం అని, ఒక్క తిట్టు లేకుండా చివరిదాకా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

గంగులు అంతా విన్నాడు. బరువు మోస్తూ నరేష్ ఈ కాలు మీదనుంచి ఆ కాలు మీదికి మారుతున్నాడు.

"సరిగ్గా అర్థం కానేదు మేస్త్రీ" అన్నాడు గంగులు. "ఇంకోపాలి సెప్పు."

ఎలీషా ఇంకోసారి చెప్పాడు.